చాసీ ముక్క పంపుతున్న, ముందు అది చూడు

ములుగు రోడ్, వరంగల్

బిడ్డా,

మంచిగున్నవా. మేం మంచిగనే ఉన్నం. మీ పెద్దమ్మ మోకాళ్లు ఎప్పటిలెక్కనే ఉన్నయి. మొన్న మీ బాపు ఫోన్ చేసిండు. కాలేజీల నిన్ను రేసు కారు టీముకు ఇంజన్ హెడ్ చేసిన్రట, జనవరిల కాలేజీల పోటీకి కోయంబత్తూరు పోతున్నరట. నవ్వుకుంట చెప్పి, నవ్వుకుంటనే "అన్నా, నీ పిచ్చి దీనికి అంటింది" అని నన్ను తిట్టిండు. ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. మనింట్ల నలభై ఏండ్ల సంది పానా పట్టింది నేనొక్కన్నే. మీ అన్న లాప్‌టాప్ పట్టిండు. ఈ షెడ్డు నాతోనే మూతపడుతది అనుకొని ఊకున్న. ఇప్పుడు నువ్వు ఇంజన్ విప్పుతున్నవని వింటుంటే కడుపు నిండింది. నిండిన కడుపుల్నే రాయి పడ్డట్టు కూడా అయింది.

ఫోన్ల చెప్పొచ్చు. కానీ నేను నోరు తెరిస్తే నువ్వు "సరే పెద్దబాపు, సరే పెద్దబాపు" అని పెట్టేస్తవు. కాయితం అయితే పెట్టేయలేవు గదా.

ముందు చిన్నయి చెప్తా, ఇవి నీకు తెల్సినయే. షెడ్డుల జడ ముడేసి టోపీల పెట్టుకో. చైన్‌కు గార్డు లేకుండ ఇంజన్ స్టార్ట్ చెయ్యొద్దు. పెట్రోల్ పైపుకు క్లిప్పు ఒకటి కాదు, రెండు దిక్కుల రెండు. మంటలార్పే సిలిండర్ గోడకు కాదు, చేతికి అందే కాడ ఉండాలె. చున్నీ, గాజులు హాస్టల్ల పెట్టి రా. గంతే.

ఇగ అసలు సంగతి. నాలుగు సిలిండర్ల 600 సీసీ ఇంజన్ ఒకటి హైదరాబాద్‌ల సెకండ్‌హ్యాండ్‌ల దొరికిందట, బేరం కూడా అయిందట. సీనియర్లు వాడిన 373 సీసీ ఒంటి సిలిండర్ కేటీఎం బైకు ఇంజన్‌కు దమ్ము లేదని పక్కకు పెడుతున్నవట. చాసీ, అంటే బండి ఇనుప గూడు, చూసే పోరడు వద్దన్నడట. అప్పటి సంది మీ ఇద్దరికి మాటల్లేవట. మీ బాపు ఇదంత పొగరు కింద చెప్పిండు, మురిసిపోయి చెప్పిండు. నాకైతే చెమట పట్టింది.

మీ రూల్స్ పుస్తకం మీ అన్న ఫోన్ల తీసి రెండు రాత్రులు నాకు తెలుగుల చెప్పిండు. మంచిగ రాసిన్రు వాళ్లు. ఇంజన్ 710 సీసీ దాక ఏదన్న పెట్టుకో అన్నరు. పెట్టుకున్నంక, ఎంత పెద్ద పెట్రోల్ ఇంజన్ అయినా గాలి మాత్రం 20 మిల్లీమీటర్ల బొక్కల నుంచే పీల్చాలె అన్నరు. ఇరవై మిల్లీమీటర్లు అంటే కొత్త రూపాయి బిళ్ళంత. ఆ బొక్క కాడ గాలి ధ్వని వేగం అందుకున్నదంటే ఇగ ఇంజన్ ఎంత గుంజినా అంతకుమించి రాదు. గాలి లేంది పెట్రోల్ ఏం చేస్తది? నాలుగు సిలిండర్ల దానికి ఒంటి సిలిండర్ కన్న ఎక్కువ దమ్ము వస్తది, కాదనను. కానీ కంపెనీ కాయితం మీద నువ్వు చూసిన దమ్ము మొత్తం రాదు. బరువు మాత్రం మొత్తం వస్తది. ఆ ఇంజన్ వేడికి పెద్ద రేడియేటర్, దానికి ఎక్కువ నీళ్లు, ఆ నీళ్లకు లావు బ్రాకెట్లు, అన్నిటిని ఆపేటందుకు పెద్ద బ్రేకులు. ఒక కిలో ఇంకో కిలోను పిలుచుకుంట వస్తది, పెండ్లికి చుట్టాల లెక్క.

నేను ఇంజన్ మేస్త్రిని. పిస్టన్ రింగుల వాసనతో బతికినోన్ని. ఆ నేనే చెప్తున్న: ముందు చాసీ సంగతి చూడు. (మీరు చాసిస్ అంటరు, మా షెడ్లల్ల చాసీ అంటం. పేరేదైనా ఇనుమే గదా.)

మనింట్ల పాత నులక మంచం యాదికుందా, నువ్వు ఎగిరి ఎగిరి కోడు కదిలించినవు? కీళ్లు వదులైన మంచానికి ఒక కోడు కింద ఇటుక పెడితే ఆ మూల ఒక్కటే లేస్తది, ఎదురు మూలకు ఖబరే ఉండదు. బిగువు మంచమైతే ఒక మూల లేపితే నాలుగు మూలలకు తెలుస్తది. కారు చాసీ కూడా గంతే. అది మెలి తిరుగుతుంటే నువ్వు ముందల స్ప్రింగు గట్టిగ చేసినా, వెనుక మెత్తగ చేసినా ఆ మార్పు టైరు దాక పోదు. డ్రైవరేమో "ఏం మార్చినా ఒక్కలెక్కనే ఉంది" అంటడు. మీరు ఇంజన్‌ను తిడతరు. అదేం చేసింది పాపం?

2023 ఫిబ్రవరి 11న నేను, మీ అన్న హుస్సేన్ సాగర్ పక్కన 'ఫార్ములా-ఈ' అనే కరెంటు కార్ల రేసు చూడపోయినం. నీకు అప్పుడు పరీక్షలు. పొగ లేదు, మోత లేదు, బాయి కాడి మోటర్ కూత లెక్క సన్నగ కూసుకుంట పోయినయి బండ్లు. జాన్-ఎరిక్ వెర్న్ అనే ఫ్రెంచి పిలగాడు గెలిచిండు. ఆడ చాసీ అందరికి ఒక్కటే, బ్యాటరీ ఒక్కటే. కంపెనీలు సొంతంగ చేసుకునేది వెనుక మోటరు, గేరుబాక్సు, వాటిని నడిపే సాఫ్ట్‌వేరు. చూసి మస్తు ఖుషీ అయిన. చూసినవారా, చాసీ సమానం చేస్తే గెలిచేది మా మేస్త్రీలే అన్న మీ అన్నతోని. వాడు నన్ను చూసి, "నాయినా, ఫార్ములా వన్‌ల అందరు ఎవల చాసీ వాళ్లే చేసుకుంటరు, ఇంజన్ మాత్రం కొందరు కొనుక్కుంటరు. ఆ లెక్క చూడు ఒకసారి" అన్నడు. అప్పటి సంది ఆదివారాలు అదే పని నాకు.

చూసినకొద్ది నా నోరు మూతపడ్డది. 1988ల హోండా టర్బో ఇంజన్, అంటే పంకతోని గాలి దట్టించుకునే ఇంజన్, మెక్‌లారెన్ టీము కారుల ఉన్నది, లోటస్ టీము కారుల కూడా ఉన్నది. మెక్‌లారెన్ 16 రేసుల్ల 15 గెలిచింది. లోటస్ ఒక్కటి గెలవలే. దాన్ని నడిపింది అంతకుముందటి ఏటి చాంపియన్ పికే. ఇంజన్ ఒక్కటే, డ్రైవర్ చిన్నోడు కాదు. మరి తేడా యాడ ఉన్నట్టు? నిన్నగాక మొన్న 2024ల కూడా మెర్సిడిస్ ఇంజన్ కొనుక్కున్న మెక్‌లారెన్ టీముల పట్టికల మొదట ఉంటే, ఆ ఇంజన్ చేసిన మెర్సిడిస్ సొంత టీము నాలుగో కాడ ఉన్నది.

కానీ చాసీ పోరడికి నేను ఓటేసిన్నని సంబరపడకండ్రి. ఇంకో కథ ఉన్నది, అది ఆ పోరడికి కూడా చదివి వినిపియ్యి. అదే మెక్‌లారెన్ 2015ల మళ్ల హోండా ఇంజన్ తెచ్చుకున్నది. కారు వెనుక దిక్కు సన్నగ, బిగుతుగ ఉండాలని చాసీ వాళ్ల పట్టు. హోండా వాళ్లు టర్బోను సిలిండర్ల రెండు వరుసల నడుమ సందుల ఇరికించిన్రు. ఇరుకు జాగల చిన్న టర్బో, దానికి దమ్ము చాలదు. మూడేండ్లు ఆగుడే ఆగుడు. హోండా సొంత ట్రాకు సుజుకల మెక్‌లారెన్ డ్రైవర్ అలోన్సో రేడియోల "జీపీ2 ఇంజన్" అని ఒర్రిండు, కింది తరగతి రేసుల ఇంజన్ అని అర్థం. ఆ మాట ఆ మేస్త్రీలు వింటుంటే ఎట్లుంటదో నాకు తెలుసు. తప్పంత ఇంజన్ మీదేసి, 2018ల రెనో ఇంజన్ తెచ్చుకున్నరు. అదే ఏడు అదే రెనో ఇంజన్‌తోని రెడ్ బుల్ నాలుగు రేసులు గెలిచింది. మెక్‌లారెన్ ఒక్కసారి కూడా మొదటి ముగ్గుర్ల లేదు. అప్పుడు తెలిసింది వాళ్లకు, చాసీ కూడా వాళ్లు అనుకున్నంత లేదని. వదిలేసిన హోండా ఏమైంది? రెడ్ బుల్ చేతికి పోయి 2019ల ఆస్ట్రియల గెలిచింది, 2021ల వాళ్ల డ్రైవర్ వెర్‌స్టాపెన్‌ను చాంపియన్ చేసింది.

మూడేండ్లు ఒకలనొకలు తిట్టుకునుడుల పోయినయి బిడ్డా. నాకైతే పదకొండేండ్లు పోయినయి.

ఇది మీ బాపుకు కూడా సగమే తెలుసు.

1994 మేడారం జాతర ముందట. హన్మకొండల ఒకాయన దగ్గర పాత పెట్రోల్ జీపు ఉండె. పెట్రోల్ తాగి తాగి ఆయన ఇల్లు ముంచుతుండె. డీజిల్ ఇంజన్ వెయ్యమన్నడు, జాతరకు జనాన్ని తోలుకుంటనన్నడు. అప్పుడు అందరు చేసే పనే అది. కబాడీల మాటడోర్ వ్యాను ఇంజన్ తెచ్చిన. విప్పి, కడిగి, రింగులు, బేరింగులు మార్చి, పంపు సెట్ చేసి కట్టిన. ఎట్ల కుదిరిందంటే, స్టార్ట్ చేసి బానెట్ మీద రూపాయి బిళ్ళ నిలబెడితే పడలే. పక్క షెడ్లోళ్లు వచ్చి చూసి పోయిన్రు. నేను నేల మీద లేను.

ఇంజన్ నాది. చాసీ పని నా దోస్తుది. మా ఇద్దరి షెడ్లకు నడుమ ఒక్క రేకు గోడ. పెట్టి చూస్తే ఫ్యాన్ రెక్కలు రేడియేటర్‌కు తాకుతున్నయి. ఇంజన్ మూడు అంగుళాలు వెనక్కి జరపాలె. జరిపితే పాత ఫౌండేషన్ బోల్టుల బొక్కలు పనికి రావు. దోస్తు ఏమన్నడంటే, "ఆ జాగల బ్రాకెట్ వద్దు. రెండు దినాలియ్యి, కొత్త క్రాస్ మెంబర్, అదే అడ్డ పట్టీ, చేసి, నిలువు పట్టీకి రివిట్లు కొట్టి ఇస్త" అన్నడు. నేను ఇయ్యలే. జాతర ఇంక వారమే. "నాలుగు ఇంచుల బ్రాకెట్‌కు రెండు దినాలా, నీకు చాతగాకుంటే నేనే కొడ్త" అన్న. అన్నంక వాడు మొఖం మాడ్చుకొని పట్టీ అడుగు అంచుకే బ్రాకెట్ పెట్టి, అడ్డంగ వెల్డింగ్ గీత కొట్టిండు. చాసీ పట్టీకి బరువంత అడుగు అంచు మీదనే గుంజుతది. ఆ అంచు మీద అడ్డంగ వెల్డింగ్ కొడితే ఆ గీత పక్కన ఇనుము పెళుసు అయితది. అది వానికి తెలుసు. నాకు కూడా తెలుసు. తెల్వక చేసిన తప్పయితే ఇంత పెద్ద ఉత్తరం రాయకపోదును.

జాతర మొదలైంది. బండి రెండు ట్రిప్పులు మంచిగ పోయి వచ్చింది. రెండో ట్రిప్పు వచ్చినంక మా చోటుగాడు కింద పండుకొని గ్రీజు కొడుతున్నడు. పద్నాలుగేండ్లు ఉంటయి వానికి. కింద నుంచే పిలిచిండు. "ఉస్తాద్, బ్రాకెట్ కాడ ఎర్రగ ఏందో గీత ఉన్నది." వంగి చూసిన. దారం పోగంత. వెల్డింగ్ పక్కన నల్ల రంగు మీద తుప్పు పొడి సన్నగ కారినట్టు. అంత సన్న గీతకు బండి ఆపితే ఓనర్ ఏమంటడు, పక్క షెడ్లోళ్లు ఏమంటరు, దోస్తు ముందట నా మొఖం ఏమైతది, ఇవే తిరిగినయి మనసుల. "గ్రీజు కొట్టేటోనివి గ్రీజు కొట్టు, గీతలు నీకెందుకు" అన్న. అని ఊకోలే. బ్రష్షు తీసుకొని ఆ గీత మీద నల్ల పెయింట్ పూసిన. నా చేత్తోని పూసిన బిడ్డా.

మూడో ట్రిప్పు పస్రా దాటింది, తాడ్వాయి ఇంక రాలే. జీపుల పద్నాలుగు మంది. అప్పుడట్లనే ఎక్కించేది. చీకటి పడుతుంది. ఎడమ దిక్కు పట్టీ బ్రాకెట్ కాడ తెగి, ఇంజన్ ఒక పక్క ఒరిగి, ముందు కమాన్లు (స్ప్రింగు పట్టీలు) మెలి తిరిగి, స్టీరింగ్ ఎడమకు గుంజి, బండి రోడ్డు దిగి టేకు చెట్లల్ల ఆగింది. పానాలు పోలే. సమ్మక్క తల్లి దయ. ఒకామెకు మెడ కింది బొక్క విరిగింది, ఇద్దరికి తలలు పగిలినయి. నేను ఖబరు విని స్కూటర్ మీద పోయేసరికి రాత్రయింది. టార్చి ఏస్తే రోడ్డు పొడుగూత బెల్లం. ఎవరిదో మొక్కు, నిలువెత్తు బంగారం. మూట పగిలి ముక్కలు ముక్కలయి, దుమ్ముల, డీజిల్ల కలిసి ఉన్నది. నేను ఇప్పటికి మేడారంల బెల్లం పంచుతుంటే చెయ్యి చాపలేను. మీ పెద్దమ్మ నాకు షుగర్ ఉందని అందరికి చెప్పుకుంటది.

తెల్లారి నేను, దోస్తు రోడ్డు మీదనే కొట్లాడినం. నీ వెల్డింగ్ అని నేను, నీ ఇంజన్ అని వాడు. ఆసుపత్రి ఖర్చు చెరిసగం పెట్టుకున్నం, మాటలు మాత్రం బంద్. రేకు గోడ అవుతల వాడు దగ్గితే వినపడేది, పదకొండేండ్లు అట్లనే విన్న. ఆ చోటుగాడు మాత్రం నన్ను ఒక్క మాట అనలే. వచ్చిండు, తెగిన పట్టీని చూసిండు, ఆ పెయింట్ దిక్కు చూసిండు, పోయిండు. మళ్ల రాలే. వాని ఎనిమిది దినాల జీతం నా కాడనే ఉండిపోయింది. నా పాత డైరీల ఇంక రాసే ఉన్నది.

ఇది చదివి నన్ను తక్కువ చేసి చూస్తవేమో. చూడు, ఏం కాదు. నీ కారు మంచిగ ఉంటే సాలు.

ఆ పోరడు, నువ్వు ఒక బల్ల కాడ కూసోండ్రి. మాట్లాడకుంటే పనే నడవది, ఎందుకంటే రేసు బండికి ఇంజన్ వేరు చాసీ వేరు అనేది మనం చెప్పుకునే మాటే. మన ట్రాక్టర్ చూడు. దానికి చాసీ యాడుంది? ఇంజన్, గేరుబాక్స్ బిగించుకుంటే అదే ఎన్నెముక. 1967ల లోటస్ 49 కారుకు కాస్‌వర్త్ ఇంజన్ అట్లనే పెట్టిన్రు, వెనుక చక్రాల బరువంత ఇంజనే మోసింది. మొదటి రేసే గెలిచింది. ఇంజన్ గీసే డక్‌వర్త్, కారు గీసే చాప్‌మన్ ముందే మాట్లాడుకుంటెనే అయింది అది.

మీకు డబ్బు తక్కువ, టైము తక్కువ. ఒంటి సిలిండర్ ఇంజనే ఉంచు. పోయినేటి ఇంజన్ లోపలి సంగతులు సీనియర్లకు తెలుసు, సామాన్లు హన్మకొండల కూడా దొరుకుతయి. 22 కిలోమీటర్ల ఎండ్యూరెన్స్, అంటే దూరపు పరుగు, ఉన్నదట, నడుమ డ్రైవర్ మారుతడట, మారినంక వేడి ఇంజన్ మళ్ల స్టార్ట్ కావాలెనట. శానా టీములు ఆడనే ఆగుతయి. పదిసార్లు వేడి మీద స్టార్ట్ చేసి చూడు. మిగిలిన టైమంత చాసీకి ఇయ్యి. చాసీ తయారైనంక వెనుక దిక్కు స్టాండ్లకు గట్టిగ బిగించి, ముందల అడ్డంగ పది ఫీట్ల పైపు కట్టి, ఒక కొసకు సిమెంటు బస్తా ఏలాడదీసి డయల్ గేజ్‌తోని (సన్న కదలికను ముల్లుతోని చూపేది) ఎంత మెలి తిరిగిందో చూడండ్రి. ఆ పోరడు కంప్యూటర్ల చూసిన అంటడు. కంప్యూటర్ల చూసింది సరే, బస్తా కూడా కట్టమను. బ్రాకెట్లు పైపు నడుమ పెట్టనియ్యకు, పైపులు కలిసే కాడనే పెట్టియ్యి. చైన్ దిగుతుందంటే ముందు స్ప్రాకెట్‌ను (చైన్ తిరిగే పండ్ల చక్రాన్ని) తిట్టకు, ఇంజన్ బ్రాకెట్ కదులుతుందేమో చూడు.

బ్రేక్ టెస్టుల నాలుగు చక్రాలు ఒక్కసారే లాక్ కావాలెనట. డ్రైవర్ ఐదు సెకన్లల్ల బయటికి రావాలెనట. ఆ రెండు రూల్స్ మీ అన్న చదివితే నాకు పానం నిమ్మళమైంది. నువ్వు నడుపుతవా? నడిపితే నాకు చెప్పకు, అయినంక చెప్పు. లేదు, ముందే చెప్పు.

మీ టీము రంగు నలుపట గదా. బాడీకి ఏ రంగన్న కొట్టుకోండ్రి. చాసీ పైపులకు మాత్రం తెల్లది కొట్టిపియ్యి. తెల్లదాని మీద ఎర్ర గీత దూరం నుంచే కనబడుతది. టెస్టు అయినప్పుడల్లా చిన్న పోరగాళ్లను, ఫస్టియరోళ్లను, కింద పండుకొని చూడమను. వాళ్లేమన్న చూపిస్తే బండి ఆపు.

పార్సిల్ ఆర్టీసీ కార్గోల పంపుతున్న, రేపు సాయంత్రం దాక వస్తది. అండ్ల ఆ జీపు చాసీ తెగిన ముక్క ఉన్నది, గోడకు మేకు మీదనే ఉండె ఇన్నేండ్లు. దాన్ని పట్టీ నుంచి కోసి ఇచ్చింది ఆ దోస్తే. 2005ల వచ్చి, మాట మాట్లాడకుండ గ్యాస్ కట్టర్‌తోని కోసి నా చేతుల పెట్టిండు, ఛాయ్ తాగి పోయిండు. వెల్డింగ్ పక్కన నల్ల పెయింట్ ఇంక ఉన్నది, గోటితోని గీకితే కింద తుప్పు కనబడుతది. ఆ చాసీ పోరడికి కూడా చూపియ్యి. మీ పెద్దమ్మ సకినాలు కూడా పెట్టింది. ఇనుము అడుగున ఉన్నది, సకినాలు పైన ఉన్నయి, డబ్బ బోర్లేయకు.

ఇంజన్ బ్రాకెట్ కాడి వెల్డింగ్ ఫోటో పంపు, దగ్గరి నుంచి తియ్యి. నీ మొఖం ఫోటోలు మీ బాపుకు పంపు.

నీ పెద్దబాపు